కూచిపూడి డాన్సర్ ఒంటికి సెన్సర్లు కట్టి సంగీతం పుట్టించాలంటే: ఏ సెన్సర్ కొనాలన్నది ఆఖరి ప్రశ్న

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఈసీఈ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. మీ చెల్లెలు కూచిపూడి చేస్తుంది. ఆమె రెండు చేతులకీ రెండు కాళ్లకీ సెన్సర్లు కట్టి, ఆమె ఆడుతుంటే అప్పటికప్పుడు సంగీతం రావాలి. ఎంపీయూ6050లు (కదలికని కొలిచే చిప్‌లు), ఈఎస్‌పీ32 బోర్డులు (రేడియో ఉన్న చిన్న కంప్యూటర్లు) కొన్నారు, సెకనుకి 50 రీడింగులు తీసి, ఐదు హెర్ట్జ్ ఫిల్టర్ (వేగమైన కుదుపుల్ని నునుపు చేసేది) వేసి, అన్నిటినీ బ్లూటూత్ మిడిలో (మిడి అంటే సంగీత పరికరాలు మాట్లాడుకునే భాష) ల్యాప్‌టాప్‌కి పంపుతున్నారు. కాలు వేశాక స్పష్టంగా తెలిసేంత ఆలస్యంగా శబ్దం వస్తోంది, గట్టిగా వేసినా మెల్లగా వేసినా ఒకేలా మోగుతోంది, చేయి కదపకుండా పట్టుకున్నా స్వరం రెండు నోట్ల మధ్య కొట్టుకుంటోంది, కాసేపటికి దిక్కు మొత్తం పక్కకి జరిగిపోతోంది. ఇంతకన్నా మంచి సెన్సర్ ఏదో చెప్పమన్నారు.

ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పిన నాలుగు జబ్బుల్లో మూడిటికి మీ చేతిలో ఉన్న సెన్సరే చాలు. నాలుగోది, అంటే దిక్కు జరిగిపోవడం, ఎంత ఖరీదైనది పెట్టినా స్టేజీ మీద పూర్తిగా పోదు. డాన్స్ వాళ్లకీ నాటకం వాళ్లకీ ఇలాంటివి కట్టి ఇవ్వడమే నా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికన్నా ముందు కదలికల్ని రెండు రకాలుగా విడదీయాలి. ఒకటి దెబ్బ: అడుగు పడటం, చప్పట్లు. రెండోది వంపు: ముంజేయి ఎంత వాలి ఉంది, మణికట్టు ఎటు తిరిగింది, ఒళ్లు ఎంత జోరుగా కదులుతోంది. దెబ్బకి వేగం కావాలి, వంపుకి నునుపు కావాలి. మీరు రెండిటినీ ఒకే దారిలో పంపుతున్నారు, అందుకే దెబ్బ ఆలస్యమవుతోంది. వంపు వణుకు సంగతి తర్వాత చెప్తాను. ఆ ఐదు హెర్ట్జ్ ఫిల్టర్ ఒక్కటే, ఎంపీయూ6050 డేటాషీట్ ప్రకారం, అందులోని యాక్సిలరోమీటర్‌కి (త్వరణం కొలిచే భాగం) 19 మిల్లీ సెకన్ల ఆలస్యం తెస్తుంది. సెకనుకి 50 రీడింగులంటే మరో 20 మిల్లీ సెకన్ల దాకా ఎదురుచూపు. దాని మీద బ్లూటూత్. మీ బోర్డులో ఉన్న బ్లూటూత్ లో ఎనర్జీలో రెండు ప్యాకెట్ల మధ్య కనీస విరామం 7.5 మిల్లీ సెకన్లు, ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ చాలావరకు అంతకన్నా ఎక్కువే ఇస్తాయి, పైగా అది ఒకసారి ఒకలా ఒకసారి ఇంకోలా ఉంటుంది. ఇన్ని పోగయ్యాక ఆలస్యం తెలియకుండా ఎలా ఉంటుంది? సంగీత పరికరానికి మొత్తం ఆలస్యం 10 మిల్లీ సెకన్లలోపు, దానిలో హెచ్చుతగ్గులు ఒక మిల్లీ సెకను లోపు ఉండాలని కంప్యూటర్ సంగీత పరిశోధకులు డేవిడ్ వెసెల్, మాథ్యూ రైట్ 2002లో ఒక లక్ష్యం పెట్టారు, ఇప్పటికీ అందరూ దాన్నే కొలబద్దగా వాడతారు. మీకు 15 వచ్చినా గొప్పే. కాకపోతే హెచ్చుతగ్గులు మాత్రం తగ్గించాలి. ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే డాన్సర్ అలవాటు పడుతుంది, మారుతూ ఉంటే ఎవరూ అలవాటు పడలేరు.

కాళ్ల సంగతి. ఎంపీయూ6050ని రీసెట్ చేశాక యాక్సిలరోమీటర్ రేంజ్ ప్లస్ ఆర్ మైనస్ 2 జీ (భూమ్యాకర్షణకి రెండు రెట్లు), జైరో (తిరిగే వేగం కొలిచే భాగం) సెకనుకి 250 డిగ్రీల దగ్గర ఉంటాయి. నెట్‌లో దొరికే కోడ్‌లు చాలావరకు దాన్ని అలాగే వదిలేస్తాయి. టేబుల్ మీద బోర్డుని అటూ ఇటూ తిప్పి చూడటానికి అది చాలు. కానీ కూచిపూడిలో మడమ నేలకి కొట్టినప్పుడు చీలమండ దగ్గర వచ్చే కుదుపుకి 2 జీ ఏ మూలకీ రాదు, రీడింగ్ పైకప్పుకి కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. మెల్లగా వేసిన అడుగుకీ గట్టిగా వేసిన అడుగుకీ తేడా లేనిది అందుకే, ఎందుకంటే రెండూ పైకప్పుని తాకినవే. రేంజ్ 16 జీకి, జైరోని 2000 డిగ్రీలకి మార్చండి. ఫిల్టర్ తీసేయండి. యాక్సిలరోమీటర్ సెకనుకి 1000 రీడింగులు ఇవ్వగలదు, కాలికి ఆ మొత్తం వాడండి, ఎందుకంటే అడుగు శిఖరం కొన్ని మిల్లీ సెకన్లలో వచ్చి పోతుంది, 50 సార్లు చూసేవాడికి అది కనపడొచ్చు, కనపడకపోవచ్చు.

ఆ 1000 రీడింగుల్నీ గాల్లోకి పంపొద్దు. అడుగు పడిందా లేదా అన్నది కాలి మీదున్న ఈఎస్‌పీ32యే తేల్చుకోవాలి. మూడు అక్షాల మొత్తం విలువ ఒక హద్దు దాటగానే మూడు నాలుగు మిల్లీ సెకన్లు ఆగి, ఆ మధ్యలో వచ్చిన పెద్ద విలువని బలంగా తీసుకుని, 'కుడి కాలు, బలం ఇంత' అని ఒక్క చిన్న ప్యాకెట్ పంపాలి. తర్వాత ఒక 70 మిల్లీ సెకన్లు చెవులు మూసుకోవాలి. 70 ఎందుకంటారా, నిమిషానికి 80 దెబ్బల తాళంలో ఒక్కో దెబ్బ 750 మిల్లీ సెకన్లు. మూడో కాలంలో దెబ్బకి నాలుగు అడుగులంటే అడుగుకీ అడుగుకీ మధ్య 187. ఒకే కాలు వరసగా రెండుసార్లు తట్టినా 70లో చిక్కుకోదు, అడుగు తాలూకు అదురు మాత్రం ఆ లోపల చాలావరకు అణిగిపోతుంది. మీ చెల్లెలు ఇంకా వేగంగా జతులు (వరసగా వేసే అడుగుల గుంపులు) వేస్తే ఈ అంకెని ఆమె వీడియో చూసి తగ్గించుకోండి.

గజ్జెలు ఒక పెద్ద తలనొప్పి. సెన్సర్‌ని గజ్జెల పట్టీ కింద దాచేద్దామని అందరికీ అనిపిస్తుంది, బయటికి కనపడదు కదా అని. కానీ ఆ పట్టీ బరువు. అడుగు పడ్డాక పట్టీ కిందకి జారి మళ్లీ కాలికి తగులుతుంది, సెన్సర్‌కి అది రెండో అడుగులా కనిపిస్తుంది. మువ్వల గలగల వేరే. పట్టీకి పైన, పిక్క మొదలయ్యే చోట, విడిగా బిగుతైన ఎలాస్టిక్‌తో, ఎముక వైపు ఆనుకునేలా కట్టండి. సాక్సు చివర కోసి దాని లోపల పెట్టినా పనిచేస్తుంది. వదులుగా ఉంటే ఏ కోడూ కాపాడలేదు. ఎలాగూ పాదాలకి ఏమీ వేసుకోరు కాబట్టి బూటు అడుగున సెన్సర్లు పెట్టే పద్ధతి మీకు కుదరదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ పారడిసో బృందం 1990ల చివర్లో డాన్స్ బూట్ల మీద చేసింది బాగా పేరున్న పనే, కానీ అది బూటు ఉన్నవాళ్లకి.

నిజానికి ప్రాజెక్టులో 'ఒంటికి కట్టేది' అన్న షరతు లేకపోతే కాళ్లకి సెన్సర్లే వద్దంటాను. చెక్క పలక మీద ఆడించి, పలక అడుగున ఇరవై ముప్పై రూపాయల పీజో బిళ్ల (అదురుని కరెంటుగా మార్చేది) అతికిస్తే దీనికన్నా వేగంగా, నమ్మకంగా అడుగు పట్టుకుంటుంది. బ్యాటరీ లేదు, రేడియో లేదు. ఏ కాలో తెలియదు, అంతే.

ఇప్పుడు అసలు పేచీ. అడుగుకి మృదంగం శాంపిల్ (రికార్డు చేసి పెట్టుకున్న దెబ్బ) మోగిస్తున్నామని రాశారు. మానేయండి. నేలకి కాలు తగిలిన చప్పుడు, గజ్జెల చప్పుడు ప్రేక్షకుడికి ముందే వినపడ్డాయి. మీ శాంపిల్ 15 మిల్లీ సెకన్లు ఆలస్యంగా వచ్చినా పదునైన దెబ్బ మీద పదునైన దెబ్బ పడి చెవికి 'టక్' బదులు 'టటక్' అని వినిపిస్తుంది. పైగా పక్కన నిజం మృదంగం ఉంటే ఆయనకి చిరాకు, మీ చెల్లెలికి టెన్షన్. దీనికి నేను వాడే ఉపాయం చాలా తేలిక: అడుగుకి మెల్లగా ఎక్కే శబ్దాన్ని ముడిపెట్టండి. 30, 40 మిల్లీ సెకన్లు తీసుకుని పైకి లేచే మంద్రమైన గుమ్మని శబ్దం. దాని మొదలు ఎక్కడుందో చెవి పట్టుకోలేదు కాబట్టి, కాలి చప్పుడే మొదలు, మీది దాని తోక అనిపిస్తుంది. ఆలస్యం తగ్గలేదు, వినపడటం మానేసింది. అడుగు బలాన్ని శబ్దం హెచ్చుకి మాత్రమే కాక దాని పొడవుకి కూడా కలపండి, తీర్మానం (జతి ముగింపు) దగ్గర గట్టి అడుగులు పడినప్పుడు హాలు నిండిపోతుంది.

రేడియోకి బ్లూటూత్ వదిలేసి ఈఎస్‌పీ నౌ వాడండి. రౌటర్ అక్కర్లేకుండా బోర్డులు నేరుగా మాట్లాడుకుంటాయి, ఒక ప్యాకెట్‌లో 250 బైట్లు పడతాయి, మీకు పది కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్ దగ్గర ఇంకో బోర్డు వినేది ఉండాలి. అది ఈఎస్‌పీ32 ఎస్3 అయితే సొంత యూఎస్‌బీ ఉంటుంది, ల్యాప్‌టాప్‌కి నేరుగా మిడి పరికరంలా కనిపిస్తుంది. మీ దగ్గరున్న మామూలు ఈఎస్‌పీ32 అయితే సీరియల్‌లో పంపి ల్యాప్‌టాప్‌లో మార్చుకోవాలి, అదీ ఫరవాలేదు. అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ పద్ధతిలో అందిందన్న రసీదు రాదు కాబట్టి ప్రతి అడుగు ప్యాకెట్‌నీ వరస నంబరు వేసి మూడుసార్లు పంపండి, మొదట అందినదాన్ని తీసుకుని మిగతావి పారేయండి. కాలేజీ ఆడిటోరియంలో కొన్ని వందల ఫోన్లు అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయి, ల్యాబ్‌లో చక్కగా పనిచేసింది అక్కడ తడబడేది ఇందుకే. ఇంకో సంగతి, మనిషి ఒళ్లు ఎక్కువగా నీళ్లే కాబట్టి ఈ తరంగాల్ని బాగా పీల్చేస్తుంది, జరీ దట్టంగా ఉన్న చీర గుడ్డ, నడుము మీద లోహపు వడ్డాణం కూడా అడ్డమే. అందుకని వినే బోర్డుని సౌండ్ వాళ్ల టేబుల్ దగ్గర హాలు వెనక పెట్టొద్దు, స్టేజీ పక్కన కాస్త ఎత్తులో పెట్టి పొడవు యూఎస్‌బీ వైరు లాగండి.

ల్యాప్‌టాప్‌లో ఆడియో బఫర్‌ని (శబ్దాన్ని ముందుగా కూడబెట్టుకునే చోటు) 128 శాంపిళ్లకి (శబ్దపు కొలతలకి) తగ్గించండి, 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీ సెకన్లు. విండోస్ అయితే ఆలస్యం తగ్గించే ఏఎస్ఐఓ ఆడియో డ్రైవర్ తప్పనిసరి. బ్లూటూత్ స్పీకర్‌తో టెస్ట్ చేస్తుంటే మాత్రం పైన రాసినదంతా దండగ, అది ఒక్కటే వంద మిల్లీ సెకన్లు, అంతకన్నా ఎక్కువ కూడా తినేస్తుంది. వైరు స్పీకర్ డాన్సర్ దగ్గర్లో ఉండాలి, గాల్లో శబ్దం మూడున్నర మీటర్లు నడవడానికి పది మిల్లీ సెకన్లు పడుతుంది.

చేతులకి వద్దాం. ఒక అపోహ తీసేయాలి: ఈ సెన్సర్‌కి చేయి ఎంత ఎత్తులో ఉందో తెలియదు. అది చెప్పగలిగేది ముంజేయి ఎంత వాలి ఉందన్నదే. త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి స్థానం రాబట్టొచ్చని పుస్తకంలో ఉంటుంది, చేస్తే కొన్ని సెకన్లలోనే చేయి పక్క ఊళ్లో ఉన్నట్టు చూపిస్తుంది. వాలు మాత్రం నమ్మదగ్గది, భూమ్యాకర్షణ ఎప్పుడూ కిందకే ఉంటుంది కాబట్టి. మెల్లగా కదిలేటప్పుడు యాక్సిలరోమీటర్, వేగంగా కదిలేటప్పుడు జైరో నిజం చెప్తాయి, రెండిటినీ కలపడానికి మ్యాడ్జ్‌విక్ ఫిల్టర్ ఉచితంగా దొరుకుతుంది, అంత కూడా వద్దనుకుంటే 98 పాళ్లు జైరో, 2 పాళ్లు యాక్సిలరోమీటర్ కలిపే పాత కాంప్లిమెంటరీ ఫిల్టర్ మీ ప్రాజెక్టుకి చాలు.

స్వరం రెండు నోట్ల మధ్య కొట్టుకోవడానికి కారణం సెన్సర్ వణుకు కాదు, మీరు గీసిన గీత. మోహన రాగం పెట్టుకున్నారు కాబట్టి స, రి, గ, ప, ద, పై స, మొత్తం ఆరు మెట్లు. మైనస్ 60 నుంచి ప్లస్ 60 డిగ్రీల దాకా పంచితే మెట్టుకి 20 డిగ్రీలు. సరిగ్గా 20 దగ్గర చేయి ఆగితే అర డిగ్రీ వణుకుకే నోటు మారుతుంది, మనిషి చేయి అన్నాక ఆ మాత్రం వణుకుతుంది. పైకి ఎక్కడానికి 22 దాటాలి, కిందకి దిగడానికి 18 కన్నా తగ్గాలి అని రెండు గీతలు పెట్టండి, సమస్య అక్కడితో పోతుంది. మెట్లు లేకుండా సాగే వాటికి, అంటే శబ్దంలోని మెరుపు, దాని హెచ్చుతగ్గు లాంటి వాటికి వన్ యూరో ఫిల్టర్ వాడండి. చేయి నిలకడగా ఉన్నప్పుడు గట్టిగా నునుపు చేస్తుంది, వేగంగా కదిలితే పట్టు వదిలేస్తుంది కాబట్టి ఆలస్యం తెలియదు.

ఆరు మెట్లలో స ఎక్కడ పెట్టాలన్నది సాంకేతిక ప్రశ్న కాదు, నాట్యం ప్రశ్న. మీ చెల్లెల్ని నిలబెట్టి చూడండి. నాట్యారంభంలో చేతులు భుజాల ఎత్తున పక్కలకి చాచి ఉంటాయి, ముంజేయి దాదాపు నేలకి సమాంతరం. ఆట మొదలయ్యేదీ, తిరిగి తిరిగి వచ్చి ఆగేదీ అక్కడే. మీ లెక్కలో సున్నా డిగ్రీలు గ, ప మధ్య గీత మీద పడింది! అంటే ఆమె ఇంటికి వచ్చి నిలబడ్డ ప్రతిసారీ పరికరం ఏ స్వరమో తేల్చుకోలేక కొట్టుకుంటోంది. ఆ సున్నాకి అటు పది ఇటు పది కాక అటు 15 ఇటు 15 డిగ్రీల వెడల్పు ఇచ్చి అక్కడ స పెట్టండి, లేదా అక్కడ అసలు ఏమీ మోగకుండా వదిలేయండి. మెట్లన్నీ సమానంగా ఉండాలని ఎవరూ చెప్పలేదు.

గమకాల గురించి అడిగారు. మామూలు మిడి కంట్రోల్ మెసేజీల్లో 128 మెట్లే ఉంటాయి. ఒక స్థాయిని (స నుంచి పై స దాకా) 128గా కోస్తే మెట్టుకి 9 సెంట్లు పైన (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు), సాగదీసినప్పుడు గరగరగా వినపడుతుంది. పిచ్ బెండ్‌లో (స్వరాన్ని జార్చే మిడి మెసేజీ) 16,384 మెట్లు, దానితో నునుపుగా జారుతుంది. సింథ్‌లో బెండ్ రేంజ్ చాలావరకు రెండు సెమీటోన్లే ఉంటుంది, 12కి పెంచుకోండి. ఇంతా చెప్పి, చేయకండి అంటాను. గమకం గొంతులో ఎంత సన్నగా ఉంటుందో మీకు తెలుసు, ముంజేతి వాలుతో ఆ పని చేయబోతే అది అపశ్రుతి తప్ప రాగం అనిపించదు. పాట పాడేవాళ్లకి వదిలేయండి. సెన్సర్‌కి పాటలో లేని పని ఇవ్వండి.

ఏ పని? నాకు ఎప్పుడూ ఫలించేది ఇది: రెండు మణికట్ల జైరో విలువల్ని, నడుము దగ్గర ఒకటి ఉంటే దాన్నీ కలిపి, ఒళ్లు ఎంత చలిస్తోందన్న ఒకే అంకె తయారు చేయండి. ఆ అంకె చటుక్కున పెరగాలి, మెల్లగా, సుమారు సెకను తీసుకుని తగ్గాలి. దాన్ని తంబుర శ్రుతి తాలూకు ఫిల్టర్‌కి కలపండి. ఆమె కదలకుండా ఉంటే శ్రుతి మంద్రంగా, మూసుకుని ఉంటుంది. కదిలేకొద్దీ పై స్వరాలు విచ్చుకుంటాయి. భ్రమరి తిరిగినప్పుడు, సెకనుకి ఒక చుట్టు అంటే 360 డిగ్రీలు, జైరో దాన్ని పొల్లుపోకుండా పట్టుకుంటుంది, శ్రుతి మొత్తం వెలుగుతుంది, ఆగగానే మెల్లగా ముడుచుకుంటుంది. ప్రేక్షకుల్లో చిన్నపిల్లలకి కూడా ఏది దేన్ని కదిలిస్తోందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఆరు స్వరాల మెట్ల కన్నా ఇదే నయం అని నా అభిప్రాయం. ప్యూర్ డేటా అనే సంగీత సాఫ్ట్‌వేర్‌లో ఒక సాయంత్రం పని, ఉచితం కూడా.

దిక్కు జరిగిపోవడం గురించి: ఎటు తిరిగి ఉందో చెప్పడానికి భూమ్యాకర్షణ సాయపడదు, జైరో ఒక్కటే ఆధారం, దాని చిన్న తప్పు కూడుకుంటూ పోతుంది. మాగ్నెటోమీటర్ (దిక్సూచి లాంటిది) ఉన్నది కొంటే పోతుందని షాపువాళ్లు చెప్తారు, కానీ స్టేజీ నిండా ఇనుము, స్పీకర్ల లోపల అయస్కాంతాలు, అది ఎటు చూపిస్తుందో దానికే తెలియదు. బీఎన్ఓ085 లాంటి సెన్సర్లు లోపలే లెక్కలన్నీ చేసి ఇస్తాయి, సుఖంగా ఉంటుంది, అయినా మాగ్నెటోమీటర్ లేని మోడ్‌లో దిక్కు మెల్లగా జరుగుతూనే ఉంటుంది. అందుకని దిక్కుని దేనికీ ముడిపెట్టొద్దు. తిరిగే వేగం వాడండి, తిరిగిన కోణం వాడొద్దు. ఇంకో చిన్న విషయం, జైరో సున్నా సరిచేయడం టేబుల్ మీద కాదు, కట్టుకున్న ఐదు పది నిమిషాలకి చేయండి. ఒంటి వేడికి చిప్ వేడెక్కి సున్నా కాస్త కదులుతుంది. ఆమె సమపాదంలో (రెండు పాదాలూ కలిపి) రెండు సెకన్లు కదలకుండా నిలబడితే చాలు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపినా వాటికన్నా ముఖ్యం అనుకునేది ఒకటుంది, దాని గురించి మీరు అడగలేదు. ఆమె ఎలా ఊరుకుంటుంది? వీణ వాయించేవాళ్లు చేయి తీసేస్తే వీణ ఆగుతుంది. ఒంటికి కట్టిన పరికరం ఒళ్లు కదిలినంతసేపూ మోగుతుంది. ముంగురులు సర్దుకున్నా మోగుతుంది, దండం పెట్టినా మోగుతుంది. అభినయంలో యశోద చేయి ఎత్తి కృష్ణుణ్ణి బెదిరిస్తుంటే మధ్యలో పై స మోగితే ఎలా ఉంటుంది? కాబట్టి వాయించే చేయి, వాయించని చేయి అన్న తేడా మొదటి రోజే డిజైన్‌లో ఉండాలి. అరచేయి పైకి తిరిగి ఉంటేనే శబ్దం, కిందకి తిరిగితే మౌనం అనొచ్చు, ముంజేయి తిరగడం భూమ్యాకర్షణతోనే తెలుస్తుంది కాబట్టి గట్టిగా పనిచేస్తుంది. కానీ కూచిపూడిలో అరచేయి అస్తమానం తిరుగుతూనే ఉంటుంది, ఆ హస్తం ఏ అంశంలో ఎప్పుడొస్తుందో కూర్చుని చూసుకోవాలి. నేనైతే దానితోపాటు నట్టువాంగం చేసేవారి (తాళం వేస్తూ జతులు చెప్పేవారి) పక్కన ఒక ఫేడర్ (శబ్దాన్ని తెరిచే, మూసే మీట) కూడా పెడతాను. జతులకి తెరుస్తారు, అభినయానికి మూస్తారు. ఆటోమేటిక్ కాదు కదా అని మీ గైడ్ అంటే, సంగీతంలో ఎప్పుడు ఆపాలో మనిషే చెప్పాలని జవాబివ్వండి.

ఈ రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లు ఏం చేశారో చూడండి. రష్యన్ ఆవిష్కర్త లియోన్ థెరెమిన్ 1930లలోనే డాన్సర్ ఒంటి కదలికకి స్వరం మారే వేదిక, టెర్ప్సిటోన్, తయారుచేశాడు. అందులో మొత్తం శరీరమే వాయిద్యం కాబట్టి శ్రుతిలో నిలబడటమే గగనం. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో మైఖేల్ వైస్‌విజ్ 1984లో చేతులకి తొడుక్కునే 'ద హ్యాండ్స్' మొదలుపెట్టి, 2008లో చనిపోయేదాకా దానినే మెరుగుపరుచుకుంటూ వాయించాడు. సంగీతకారిణి లెటీషియా సొనామి 1991లో మొదటి గ్లౌజుని వంటింటి రబ్బరు గ్లౌజులు, అయస్కాంతాలు, అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లతో చేసింది. గాయని ఇమోజెన్ హీప్ మిము గ్లౌజుల్లో వేళ్ల వంపుకీ మణికట్టు కదలికకీ సెన్సర్లు ఉంటాయి, వేళ్ల భంగిమ ఏ పని నడుస్తోందో ఎంచుతుంది, చేయి కదలిక దాన్ని నడుపుతుంది. ఎంచడం వేరు, నడపడం వేరు. మీకు కావలసిన మౌనం కూడా అలా ఎంచుకునేవాటిలో ఒకటి.

వాటిని చూసి గ్లౌజులు కుట్టించకండి మరి. పారాణి పెట్టిన చేతికి గ్లౌజు తొడిగితే హస్తాభినయం ఎక్కడ కనపడుతుంది? ముష్టి, శిఖరం హస్తముద్రల తేడా బొటనవేలి ఫ్లెక్స్ సెన్సర్ (వంపు కొలిచేది) చెప్పేస్తుంది, పతాకం, త్రిపతాకం తేడా అనామిక మీద ఒక్క సెన్సర్ చెప్పేస్తుంది, ఇంజినీరింగ్‌గా సరదా పనే, కానీ స్టేజీకి కాదు. చేయాలనుంటే రిపోర్టులో భవిష్యత్ ప్రణాళిక కింద రాసుకోండి, వాళ్లకి ఆ అధ్యాయం ఎలాగూ కావాలి.

బ్యాటరీ విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. నాట్యం డ్రెస్ నిండా పిన్నీసులు ఉంటాయి, ఆఖరి నిమిషంలో ఎవరో ఒకరు ఇంకోటి గుచ్చుతారు. మెత్తటి లిథియం పాలిమర్ బ్యాటరీకి పిన్ను దిగితే మంటే. ప్రతి బ్యాటరీ గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి, డ్రెస్ కట్టేవాళ్లకి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూపించాలి. చార్జింగ్‌కి అందరూ వాడే టీపీ4056 బోర్డు మామూలుగా ఒక ఆంపియర్‌తో చార్జ్ చేస్తుంది, మీ 500 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీకి అది చాలా ఎక్కువ. దాని మీదున్న 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్‌లది వేస్తే 250 మిల్లీ ఆంపియర్లకి తగ్గుతుంది. నాలుగు అవయవాలకీ నాలుగు విడి బోర్డులు, నాలుగు బ్యాటరీలు పెట్టండి. నడుము దగ్గర ఒకే బోర్డు పెట్టి ఒంటి మీదుగా ఐ2సీ (సెన్సర్లని బోర్డుకి కలిపే) వైర్లు లాగితే, మీటరు పొడవు కదిలే వైరులో అది ఎప్పుడు తెగుతుందో తెలియదు. అతుకుల దగ్గర మెత్తటి సిలికాన్ వైరు, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం, చెమట తగలకుండా బోర్డు మీద పూత. సెన్సర్లు డ్రెస్‌కి కుట్టొద్దు, వెల్క్రో చాలు, ఆ డ్రెస్ ఇస్త్రీకి వెళ్తుంది.

వైవాలో 'ఆలస్యం ఎంత?' అని తప్పకుండా అడుగుతారు. కొలవడం సులువు. కాలి దగ్గర ఒక మైకు, సింథ్ అవుట్‌పుట్ వైరు, రెండిటినీ ఒకే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో ఎడమ కుడి చానళ్లుగా ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయండి. కొలిచేటప్పుడు మాత్రం మెల్లగా ఎక్కే శబ్దం బదులు టక్కుమనేది పెట్టుకోండి. వంద అడుగులు వేయించి రెండు శిఖరాల మధ్య దూరం కొలిస్తే సగటూ వస్తుంది, హెచ్చుతగ్గులూ వస్తాయి. ఆ గ్రాఫ్ ఒక్కటి స్లైడ్‌లో పెడితే మిగతా ప్రశ్నలు తగ్గుతాయి.

ఇక చేయాల్సింది, ముందు శబ్దం అన్న మాటే లేకుండా ఆమెకి నాలుగు బోర్డులూ కట్టి, ఆమెకి బాగా వచ్చిన ఒక జతి, ఒక అభినయం ముక్క చేయించి, రీడింగులు మెమరీ కార్డులోకి రాసుకుంటూ ఫోన్‌లో వీడియో తీయండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి రెండు కాళ్లతో ఒక్క గెంతు గెంతమనండి, వీడియోని, రీడింగుల్ని జత చేయడానికి పనికొస్తుంది. ఆ ఫైలుతో టేబుల్ దగ్గర ఎన్నిసార్లైనా సరిచేసుకోవచ్చు, ప్రతి హద్దు మార్చినప్పుడల్లా ఆమెని గెంతించాల్సిన పని లేదు. ఫైలు ఇక్కడ పెడితే అడుగుల హద్దులు నేను కూడా చూస్తాను, సెకనుకి ఎన్ని రీడింగులో, రేంజ్ ఎంత పెట్టారో పైన రాయడం మర్చిపోకండి.